కాళ్ళకాడ జానెడు

మాది ఓర్వకల్లు పక్కన పల్లె. చుట్టూ రాళ్ళగుట్టలే. మార్చి దాటినాక చెప్పుల్లేకుండా బయట కాలు పెట్టలేం. అట్లాంటి ఊర్లో కూర్చోని నేను ఊలు శాలువాలు అల్లుతా. నవ్వుకోండి, ఊరంతా నవ్వింది, మీరొక లెక్కా!

ఫోన్లో చూసి నేర్చుకున్నా. మా ఆయన పోతా వస్తా ఒకటే మాట: "ఏమే, గుట్టమీద రాళ్ళకు చలేస్తాందంటనా?" ఆయన్ని నేను పట్టించుకోను. నా ఆశంతా మా అత్త ఒక్కసారి కప్పుకోవాలని. ఆమె నోట్లో మెచ్చుకోలు, మా బోర్లో నీళ్ళు, రెండూ ఒకటే.

ఎర్ర శాలువా, అంచుకు జొన్నకంకులు నేనే గీసుకోని, మూడు నెలలు అల్లి ఆమె చేతిలో పెట్టినా. అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "నేను సచ్చినాక కప్పుదువులే" అని ట్రంకుపెట్టెలో ఏసేసింది. నాకు ఒళ్ళు మండిపాయ. బతికుండంగా పనికిరాదా నా అల్లిక? రెండేండ్లు ఆ మాట మరిసిపోలేదు.

పోయిన మే నెలలో కర్నూల్లో మా ఆడబిడ్డ కూతురు పెండ్లి. ఏసీ హాలు. మా పాస్టరయ్య ప్రార్థన ఆదాముకాడ మొదలైతే పెండ్లికూతురికాడికి రావడానికి శానాసేపు పడ్తాది. మా అత్త ముందువరసలో, సరిగ్గా ఏసీ కింద కూర్చోని గడగడా వణుకుతాంది. లేసి ఎనక్కి రమ్మంటే రాదు. పెండ్లికూతురి అవ్వ ముందువరస ఇడుస్తాదా!

ఇట్లయితాదనే నేను ఆ ఎర్ర శాలువా చెప్పకుండా సంచిలో పెట్టుకోని పోయింటి. తీసి కప్పబోతే, కండ్లెర్రజేసి నా చేయి తోసేసింది. పక్క కుర్చీకి తొడిగిన తెల్లగుడ్డను, ఎనక గులాబీ రిబ్బను ముడితో సహా లాగి, నెత్తిన కప్పుకోని కండ్లు మూసుకుంది. పెండ్లి ఫోటోల్లో ఇప్పటికీ అట్లనే ఉండాది.

ఆమెన్ అనంగానే పట్టుకున్నా. "కుర్చీ గుడ్డ కప్పుకుంటివి. నాది అంత చేదా అత్తా?"

"అరవాకు. అది నా సమాధి పెట్టెలోకి. ఇప్పుడే కప్పుకోని మాపుకుంటే, ప్రభువు ముందర మాసిన గుడ్డతో నిలబడల్నా? అందరికీ అంగట్లో కొన్న గుడ్డే కప్పినారు. నాకైతే నా కోడలు అల్లింది ఉండాది."

చేతిలో శాలువా మెల్లగా మడిచి సంచిలో పెట్టినా.

"పడుకోని కప్పుకోని చూసినా" అనె మళ్ళా. "కాళ్ళకాడ జానెడు తక్కువొస్తాంది. అల్లియ్యి."

నవ్వల్నో ఏడ్వల్నో తెలీక ఆ హాల్లో రెండూ చేసినా.

ఎర్ర ఊలు ఆరు ఉండలు నా మంచం కింద గోనెసంచిలో ఉండాయి. ప్రతి ఆదివారం చర్చికి పోతా అడుగుతాది, "ఆ జానెడు అయిందా?" అని.

"ఊలు దొరకలేదత్తా."

"అంత పెద్ద కర్నూల్లో దొరకలేదా?"

"ఈ ఎండల్లో ఊలు ఎవరమ్ముతారత్తా!"