బాపు ముల్లు ముట్టనివ్వని గడియారం

సమయం విలువ గురించి విద్యార్థులతో మాట్లాడమని నిజామాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు పిలిచారు. చేతిలో ఏదో ఒక వస్తువు ఉంటేనే పిల్లలు వింటారని నిర్వాహకుడు ఫోన్లో చెప్పాడు. ఇన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, పిల్లలు ఎలా వింటారో నాకు ఆయన నేర్పిస్తున్నాడు! సరేనన్నాను.

ఇసుక గడియారం కోసం బోధన్ బజారంతా తిరిగాను. బొమ్మల దుకాణంలో ఒకటి దొరికింది గానీ, తట్టితే తప్ప ఇసుక కిందికి కారడం లేదు. పక్కింటి అమ్మాయి తన కొత్త స్మార్ట్ వాచీ ఇస్తానంది. దాన్ని చూపిస్తే పిల్లలు ధర అడుగుతారు, నా మాట వినరు. చివరికి మా ఇంట్లోనే, మా బాపు, అదే మా నాన్న, మంచం పక్కన టిక్కుటిక్కుమనే, కీ ఇస్తే నడిచే చావి గడియారం మీద చూపు పడింది.

బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు దించే క్రేన్ నడిపేవాడు. మా వాడలో గడియారాలన్నిటికీ ఫ్యాక్టరీ సైరనే పెద్ద. సైరన్ మోగగానే బాపు ముల్లు సరిచేసేవాడు, వేరే వేళలో ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఫ్యాక్టరీ మూతపడి సైరన్ ఆగిపోయినా ఆ నియమం వదల్లేదు. రోజూ పొద్దున్నే చావి ఇస్తాడు, ముల్లు మాత్రం తిప్పడు. గడియారం ముందుకు జరిగి జరిగి ఎక్కడికో పోయింది. చెవులు మందగించి టీవీ గట్టిగా పెట్టుకుంటాడు. అందులో వార్తల వేళ వేరు, ఆయన గడియారం వేళ వేరు. నేను ఫోన్ చూసి తిప్పబోతే కస్సుమనేవాడు.

"సైరన్ కొట్టినంక నేనే తిప్పుత. గంతదాంక దాని జోలికి పోకు."

తీసుకెళ్తానంటే ముందు గడియారాన్ని తన దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత తనే రుమాలులో చుట్టి ఇచ్చాడు.

"బస్సుల ఒళ్లె పెట్టుకో బిడ్డా. ముల్లు మాత్రం ఎవ్వల్ని ముట్టనియ్యకు."

కాలేజీలో దాన్ని వేదిక మీది బల్లపై పెట్టి, ప్రిన్సిపాల్ గదిలో చాయ్ తాగి వచ్చాను. అప్పటికే నిర్వాహకుడు మైకు పట్టుకుని ఉన్నాడు.

"మేడం గారి గడియారం గంటలకొద్దీ తప్పు చూపిస్తోంది. నా ఫోన్ చూసి నేనే కరెక్ట్ చేశాను," అని నవ్వాడు. పిల్లలూ నవ్వారు. అక్కడితో ఆగినా బాగుండేది. "టైం విలువ తెలియకనే కదా మన దగ్గర ఫ్యాక్టరీలు మూతపడ్డాయి," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. రాసుకొచ్చిన ఉపన్యాసం బల్ల మీద పడేసి మైకు లాక్కున్నాను.

"సైరన్‌కు ముందే గేటు దగ్గర నిలబడ్డ మనుషులు సార్ వాళ్లు. గేటుకు తాళం వేసింది వాళ్లు కాదు. ఎవరిని అడిగి ఈ ముల్లు ముట్టుకున్నారు?"

"అయ్యో, మంచికే చేశాను కదా మేడం."

ఆ మంచితనం చూసి ఇంకా మండింది. ఆయన నిజంగానే మేలు చేశాననుకుంటున్నాడు. పోనీ పాత వేళకు తిప్పేద్దామంటే, అది ఎంత ముందు నడుస్తోందో బాపుకు తప్ప ఎవరికీ సరిగ్గా తెలియదు. శాలువా కప్పబోతే చేత్తో తోసేసి దిగిపోయాను.

బస్సులో దారి పొడుగునా ఆ మనిషిని తిట్టుకుంటూనే ఉన్నాను. ఒకప్పుడు చెరకు నిలబడ్డ పొలాల్లో ఇప్పుడంతా వరి. ఒళ్లో రుమాలు మూట బుద్ధిగా టిక్కుటిక్కుమంటోంది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది, ఏడుపు వచ్చినందుకు మళ్లీ కోపమొచ్చింది.

ఇల్లు చేరేసరికి టీవీలో సాయంత్రం వార్తలు మొదలవుతున్నాయి. బాపు మూట విప్పి గడియారం చూశాడు. టీవీ వైపు చూశాడు. మళ్లీ గడియారం చూశాడు. రెండింటిలో ఒకటే వేళ. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆయన ముఖం వెలిగిపోయింది. మంచం దిగి, కాలితో చెప్పులు వెతుక్కుంటూ అడిగాడు.

"సైరన్ కొట్టిండ్రా బిడ్డా? నాకు ఇనవడలే."