ఐదు నిమిషాల కుర్చీ

మా కింది పోర్షన్ టీచరమ్మ పోయారన్న కబురు నేను వంటింట్లో ఉండగా వచ్చింది. సైనిక్‌పురి నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయిందండీ. తెల్లవారుజామున, నిద్రలోనే" అంది. తర్వాత, "ఇవాళే కదా పిల్ల ఆట?" అని అడిగింది.

అవును, ఆ రోజే.

మా వంటింటికి ఒకటే తలుపు. ఆ తలుపు బయట, గడప పక్కనే, మా మనవరాలు శిరీష కింద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది. పక్కన హాకీ కర్ర. ఆమెను దాటకుండా నేను బయటికి రాలేను. పొయ్యి మీద ఉప్మా అడుగంటుతోంది. అవతల ఫోన్ పెట్టేసినా నేను చెవి దగ్గర్నుంచి తీయకుండా "ఊ, ఊ" అంటూ నిలబడ్డాను.

టీచరమ్మ దగ్గర ఆడినవాళ్లంతా కలిసి ఆమె జ్ఞాపకంగా ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. పైపోర్షన్ వాళ్లం కాబట్టి నన్నూ రాయమన్నారు. నేను చదివింది తక్కువ. ఆట గురించి తెలిసింది ఇంకా తక్కువ. భయపడటం గురించి అయితే ఎంతైనా రాయగలను. ఆ ఉదయం ఎందుకంత భయపడ్డానో చెప్తే, టీచరమ్మ గురించి కూడా చెప్పినట్టే అవుతుంది.

శిరీష బాగా ఆడుతుంది. నానమ్మను కాబట్టి అనడం లేదు, చూసినవాళ్లంతా అన్నారు. ఆటల హాస్టల్ వాళ్లు చిన్నప్పుడే తీసుకుపోయారు. అయితే ఆటతో పాటు కోపం కూడా పెరిగింది. పోయినేడాది ఒక మ్యాచ్‌లో అంపైర్ తనకు అన్యాయం చేశాడని కర్రను నేలకేసి కొట్టింది. కర్ర విరిగి, ముక్క ఎగిరి, అవతలి జట్టు పిల్ల మోకాలికి తగిలింది. హాస్టల్ వాళ్లు ఇంటికి పంపేశారు. ఆట ఉంది కానీ నిలకడ లేదన్నారు. ఏడాది ఆగి ఒక్కసారి ఆడించి చూస్తామని, అప్పుడూ ఇంతే అయితే ఇక రానక్కర్లేదని చెప్పారు.

మా అబ్బాయి, అంటే శిరీష తండ్రి, "సరే, గా ఒక్కసారి సూద్దాం. గప్పుడు సుత గిట్లనే చేస్తే ఆట బంద్. ఇంటర్ కాంగనే బట్టల షాపుల పెడ్త" అన్నాడు. అనడమే కాదు, పద్మారావు నగర్‌లోనే ఒక షాపులో మాట్లాడి కూడా వచ్చాడు.

మాది రెండు గదుల ఇల్లు, ముందు ఇనుప గ్రిల్ వేసిన బాల్కనీ. అబ్బాయి క్యాబ్ నడుపుతాడు. కోడలు బేగంపేటలో ఒక హోటల్లో గదులు సర్దుతుంది. పగలంతా నేనూ ఆ పిల్లే. ఆమెకు కోపం వస్తుందేమోనని మేమంతా గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లం. ఎవరైనా ఆట సంగతి ఎత్తితే నేను దగ్గి మాట మార్చేదాన్ని. తనకు కోపం వస్తుందని నాకు భయం, నేను భయపడుతున్నానని తనకు కోపం. ఎండాకాలం తలుపులు తీసిపెట్టినా ఊపిరాడనట్టే ఉండేది. శిరీష ఆ బాల్కనీలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూ బంతిని గోడకు కొట్టేది. గ్రిల్‌కు తగిలినప్పుడల్లా నేను చేతిలో పని ఆపేసేదాన్ని.

ఒకరోజు సాయంత్రం తలుపు చప్పుడైంది. చూస్తే కింది పోర్షన్ టీచరమ్మ. బడిలో ఆటలు నేర్పించి రిటైరయ్యారని తెలుసు గానీ అంతవరకూ పెద్దగా మాట్లాడుకోలేదు. నేత చీర, కాళ్లకు కాన్వాస్ బూట్లు, మెడలో నైలాన్ తాడుకు విజిల్. బంతి చప్పుడు మీద తగాదాకే వచ్చారనుకున్నాను.

"మీకు తక్లీఫ్ అయితున్నట్టుంది టీచరమ్మా, జెర ఓపిక పట్టుండ్రి, పిల్లకు చెప్తా" అన్నాను.

"తక్లీఫేం లేదు వదినగారూ. మూడు దెబ్బలు మెల్లగా పడుతున్నాయి, నాలుగోది గట్టిగా పడుతోంది. రోజూ వింటున్నా. ఆ నాలుగోదానికి ఏమొచ్చిందో కనుక్కుందామని వచ్చా."

శిరీష బాల్కనీలోంచే, "మీకెందుకు?" అంది. నేను దగ్గి మాట మార్చబోయాను.

"నీ బంతి కింద పడుకునేది నేను కదమ్మా" అన్నారు టీచరమ్మ.

పిల్లకు నవ్వొచ్చింది. రానివ్వకూడదని మొహం గోడవైపు తిప్పుకుంది. మా ఇంట్లో పిల్లతో మామూలు గొంతుతో ఎవరైనా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

మర్నాటి నుంచి పొద్దున్నే దగ్గర్లోని బడి గ్రౌండుకు వెళ్లడం మొదలైంది. ఇంకొందరు ఆడపిల్లలు వచ్చేవారు, అందరూ శిరీష కన్నా చిన్నవాళ్లే. నేనూ వెళ్లేదాన్ని. ఇంట్లో కూర్చుని భయపడటం కన్నా చూస్తూ భయపడటం నయమనిపించింది. టీచరమ్మ తన ఇంట్లోని నీలం ప్లాస్టిక్ కుర్చీని నాతో మోయించారు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, ఆమె కోసమే అనుకున్నాను. కానీ ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. మొదటిరోజు నేనే కూర్చున్నాను. కాసేపటికి విజిల్ ఊది, చీర కుచ్చిళ్లలోంచి స్వీట్ డబ్బా అట్టతో కత్తిరించిన పసుపు ముక్క ఒకటి తీసి శిరీషకు చూపించారు.

"వదినగారూ, లేవండి. మీ సీటు ఇంకొకరికి రిజర్వు అయింది" అన్నారు.

హాకీలో పెద్ద తప్పు చేసినవాళ్లకు పసుపు కార్డు చూపిస్తారట. కనీసం ఐదు నిమిషాలు మైదానం బయట కుర్చీలో కూర్చోవాలి. అంతసేపూ ఆ జట్టు ఒకరు తక్కువతో ఆడాలి. శిరీష వచ్చి కూలబడింది. మొహం ఎర్రగా కందిపోయింది. నాకు పక్కన నిలబడటానికి భయం, దూరం వెళ్లడానికీ భయం. నేను ఆ కుర్చీ వెనకాలే ఉండిపోయాను.

ఐదు నిమిషాలయ్యాక టీచరమ్మ వచ్చి, "నువ్వు లేనప్పుడు నీ చోట ఎవరు పరిగెత్తారు?" అని అడిగారు.

"నేనేం తప్పు చేసిన? ఆ పిల్లనే నా కాలు మీద కొట్టింది."

"కొట్టింది, నేనూ చూశా. ఆ పిల్లకి కార్డివ్వకపోవడం నా తప్పు. నీ చోట ఎవరు పరిగెత్తారు?"

"తెల్వదు."

"అయితే ఇంకాసేపు కూర్చో."

ఆ పూటంతా శిరీష ఆ కుర్చీలోనే గడిపింది. ఎండ ఎక్కి పిల్లలు బ్యాగులు సర్దుకునే వేళకు, దవడ బిగించి, "బుజ్జి" అంది. బుజ్జి అంటే టిఫిన్ బండి వాళ్ల అమ్మాయి, అందరిలోకీ చిన్నది. తన చోటా శిరీష చోటా తనే పరిగెత్తి ఆయాసపడుతోంది. "సరే, ఆ పిల్లకి నీళ్లివ్వు" అన్నారు టీచరమ్మ. శిరీష సీసా తీసి విసిరింది. "విసరడం కాదు. దగ్గరికెళ్లి, మూత తీసి ఇవ్వు. చేతులు వణుకుతున్నాయి దానికి, మూత రాదు."

ఆమె పద్ధతి మొత్తం ఇంతే. శిరీషకు కోపం తగ్గించుకోమని ఒక్కసారీ చెప్పగా నేను వినలేదు. నేనే ఉండబట్టలేక, "జెర కోపం తగ్గించుకోమని మీరన్న చెప్పుండ్రి" అంటే, "కోపం రావద్దని చెప్పడానికి నేనెవర్ని వదినగారూ? వచ్చాక ఎక్కడ కూర్చోవాలో, కూర్చుని ఏం చూడాలో, అది చెప్తా" అన్నారు. కావాలనే తప్పుడు కార్డులు ఇచ్చేవారు. పిల్ల మొదట కుర్చీని తన్నేది. తర్వాత్తర్వాత తన్నడం మానేసి చూడటం మొదలుపెట్టింది. ఒకరోజు ఇంటికొస్తూ, "కుర్చీలకెళ్లి సూస్తే ఆట మొత్తం కనిపిస్తది నానమ్మా. లోపలుంటే బంతి ఒక్కటే కనిపిస్తది" అంది. నాతో తనంతట తాను ఆట గురించి మాట్లాడటం అదే మొదలు.

నన్ను కూడా టీచరమ్మ వదల్లేదు. శిరీష పడ్డప్పుడల్లా నేను "అయ్యో" అని లేచేదాన్ని. పిల్ల వెంటనే నా వైపు చూసేది, ఆట చెడేది. టీచరమ్మ వెనక్కి తిరక్కుండానే, "వదినగారూ, భయం మీది, ఆట పిల్లది. రెండూ ఒకే సంచీలో వెయ్యకండి" అనేవారు. చివరికి నిమ్మకాయలు కోసి ఉప్పద్దే పని నాకు అప్పగించారు. చేతిలో చాకు ఉంటే కళ్లు చేతి మీదే ఉంటాయని.

ఇంకొకటి కూడా గుర్తొస్తుంది. ఏది తినాలన్నా, తాగాలన్నా ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. మధ్యలో పాలు పొంగుతుంటే కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి పొయ్యి కట్టేసేవారు. కరివేపాకు కొనడానికి వెళ్లినా విజిల్ మెడలోనే. ఒకసారి మా గల్లీలో రాంగ్ సైడ్ వస్తున్న ఆటోను విజిల్ ఊది ఆపేశారు. ఆ ఆటోవాడు పోలీసనుకుని కాగితాలు తీశాడు.

చలికాలంలో ఆమెకు ఆయాసం మొదలైంది. పరీక్షలు చేయించుకుని వచ్చిన రోజు శిరీషను కిందికి పిలిచారు. నేనూ వెంట వెళ్లాను.

"నా గుండె సగమే పనిచేస్తోందంటమ్మా. మందుల మీద కొన్నాళ్లు నడుస్తుంది. నీ ఆట రోజుకి నేను ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అది నీకు ముందే తెలియాలి" అన్నారు.

వద్దు వద్దని నేను వెనక నుంచి సైగలు చేస్తూనే ఉన్నాను. ఆమె చూసీ చూడనట్టు చెప్పేశారు. శిరీష లేచి పైకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం బంతి చప్పుడు లేదు. మర్నాడు పొద్దున కిందికి వచ్చి చూస్తే, నేను మోయాల్సిన కుర్చీని అప్పటికే భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

"మీరంతా ఆ పిల్లని గాజు గ్లాసులా పట్టుకుంటున్నారు" అన్నారు టీచరమ్మ నాతో, మెల్లగా నడుస్తూ. "గాజు గ్లాసుని ఎవరైనా మైదానంలోకి తీసుకెళ్తారా వదినగారూ? దానికి పదహారేళ్లొచ్చాయి. పెద్దదానిలా ఉండమంటారు, పెద్దవాళ్లకి చెప్పే మాట మాత్రం చెప్పరు."

ఆ తర్వాత నెల రోజులకు ఆమె చెల్లెలు వచ్చి సైనిక్‌పురి తీసుకెళ్లింది. కుర్చీ మా దగ్గరే వదిలేసి వెళ్లారు.

ఇక ఆ ఉదయం. వంటింట్లో నిలబడి అబ్బాయికి ఫోన్ చేసి గుసగుసగా చెప్పాను. "ఇప్పుడు చెప్పకే అమ్మా. ఆట అయినంక చెప్పొచ్చు. గిప్పుడు చెప్తే అంత ఖరాబైతది" అన్నాడు. అతని మాట తీసెయ్యలేను. చెప్తే గుండెలో అది పెట్టుకుని మైదానంలో ఏం చేస్తుందో. చెప్పకపోతే, అక్కడ టీచరమ్మను ఎరగనివాళ్లు లేరు, ఎవరో ఒకరు పాపం అంటారు, నేను దాచానని తెలుస్తుంది. ఎటు చూసినా ఆ పిల్ల ఏడాది కష్టం నా నోట్లోనే ఇరుక్కుంది.

పొయ్యి కట్టేసి, వచ్చి గడప మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"శిరీషా, టీచరమ్మ పోయిందంట బిడ్డా."

చేతులు లేసుల మీదే ఆగిపోయాయి. "ఎప్పుడు?"

"తెల్లారంగ. నిద్రల."

"డాడీకి తెలుసా?"

"తెలుసు. నీకు చెప్పొద్దన్నడు."

"మరి నువ్వెందుకు చెప్పినవ్?"

"టీచరమ్మ ఉంటే చెప్పుమంటుండే."

ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కట్టిన లేసు విప్పి మళ్లీ మొదట్నుంచీ కట్టింది. "ఉప్మా మాడింది నానమ్మా" అని లేచి కర్ర అందుకుంది.

మైదానం చుట్టూ ఎత్తయిన ఇనుప జాలీ. బయట నిలబడి దాంట్లో వేళ్లు దూర్చి పట్టుకున్నాను. మొదటి సగం బాగానే గడిచింది. రెండో సగంలో అవతలి పిల్ల భుజంతో నెట్టింది, శిరీష పడింది. విజిల్ రాలేదు. లేస్తూనే ఆ పిల్లను రెండు చేతులతో తోసింది. అప్పుడు వచ్చింది విజిల్, పసుపు కార్డుతో.

నా చుట్టూ ఎంతో ఖాళీ ఉంది, అయినా కదల్లేకపోయాను. జాలీ లోపల ఉన్నది నేనే అనిపించింది. నేనే చెప్పాను, నేనే చెడగొట్టాను అనుకున్నాను. శిరీష కర్ర పట్టుకుని, గీత బయట వేసిన కుర్చీవైపు నడిచింది. ఇప్పుడు కొడుతుంది, ఇప్పుడు విరుగుతుంది అని చూస్తున్నాను. కర్రను మెల్లగా నేల మీద పెట్టింది. కూర్చుంది. వీపు నిటారుగా, చేతులు మోకాళ్ల మీద. చూపు మాత్రం మైదానంలో తిరుగుతోంది. ఆమె ఎటు చూస్తోందో నేనూ అటే చూశాను. రెండు జడల పిల్ల ఒకతి, తన పని చేస్తూనే శిరీష ఖాళీ చేసిన చోటికీ ఉరుకుతోంది.

ఐదు నిమిషాలయ్యాక లోపలికి వెళ్లి చివరిదాకా ఆడింది. ఎవరు గెలిచారో నేను చూడనే లేదు. ఆట ముగిశాక అందరూ ఎటువాళ్లటు పోతుంటే, శిరీష సీసా తీసుకుని ఆ రెండు జడల పిల్ల దగ్గరికి వెళ్లి, మూత తీసి ఇచ్చింది.

హాస్టల్ పెద్దసారు నా దగ్గరికి వచ్చారు. "కార్డొచ్చింది కద సారూ" అన్నాను, నోరు ఊరుకోక.

"కార్డు అందరికీ వస్తది అమ్మా. కార్డు వచ్చినంక ఏం చేస్తదో సూద్దామనే పిలిచినం. సోమవారం సామాను తీస్కొని రమ్మనుండ్రి" అన్నారు.

అబ్బాయికి ఫోన్ చేస్తే ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నాకు భయం పోయిందని మాత్రం అనుకోకండి. అక్కడి తిండి, అక్కడి పిల్లలు, మళ్లీ ఎవరైనా నెడితే. అది వేరే సంగతి.

అక్కడి నుంచే సైనిక్‌పురి వెళ్లాం. మట్టి అంటిన మేజోళ్లతోనే వచ్చింది శిరీష. వాకిట్లో టెంట్ వేశారు, కుర్చీలు వేశారు, ఎవరో నెమ్మదిగా పాట పాడుతున్నారు. పెట్టెలో టీచరమ్మ, మెడలో విజిల్ అలాగే ఉంచారు. శిరీష ఆ మొహాన్ని చూస్తూ నిలబడింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకోబోయి ఆగాను.

తర్వాత వెళ్లి చివరి వరసలో ఒక కుర్చీలో కూర్చుంది. వీపు నిటారుగా, చేతులు మోకాళ్ల మీద. ఇప్పుడు ఏడుస్తుంది అనుకున్నాను. ఏడవలేదు. ఆమె చూపు తిరుగుతోంది. నేనూ అటు చూశాను. టీచరమ్మ చెల్లెలు. వచ్చినవాళ్లకు కుర్చీలు జరుపుతోంది, ఫోన్లు ఎత్తుతోంది, పాస్టరుగారికి దారి చెప్తోంది, ఎవరో పెద్దాయనకు తలగడ తెస్తోంది. తెల్లవారినప్పటి నుంచి కూర్చున్నట్టు లేదు. అందరం పెట్టెవైపే చూస్తున్నాం, ఆమె వైపు ఎవరమూ చూడలేదు.

శిరీష లేచి, కిట్ బ్యాగులోంచి సీసా తీసింది. జనం మధ్యలోంచి ఆమె దగ్గరికి వెళ్లి, మూత తీసి ఇచ్చింది. ఆమె గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని తాగుతోంది. రెండో చేత్తో శిరీష మణికట్టు పట్టుకుంది. నీళ్లు అయిపోయినా వదల్లేదు. శిరీష కూడా కదలకుండా అలాగే నిలబడింది, మూత గుప్పిట్లో పెట్టుకుని.