రేటు పెంచే బావగారు

మా బావగారిని రేటు తగ్గించమని అడగకూడదు. అడిగితే పెంచుతారు. ఆయనకున్న రోగం అదొక్కటే. మిగతా విషయాల్లో బంగారమని మా అక్క అంటుంది. కట్టుకున్నందుకు అనక తప్పదు.

ఆయన వృత్తి ఉపన్యాసాలివ్వడం. కంపెనీలు, కాలేజీలు డబ్బిచ్చి మరీ మాట్లాడించుకుంటాయి. ఇంట్లో మేం పైసా ఇవ్వకపోయినా మాట్లాడతారు. ఫోన్లెత్తడం నా పని.

"గంటకి ఇరవై వేలండీ," అంటాను.

"కాస్త చూసి చెప్పండి," అంటారు అవతలివాళ్లు.

బావగారు ఫోన్ లాక్కుంటారు. "చూశానండీ. పాతిక."

"అయ్యో, మాది చిన్న సంస్థండీ!"

"చిన్న హాల్లో గొంతు అణచుకుని మాట్లాడాలి. కష్టం. ముప్ఫై!"

ఓ ప్రిన్సిపాల్ పాపం "మీరు మాకు ఆత్మీయులు" అన్నాడు. ఆ ఆత్మీయతకి ఇంకో ఐదు వేలు పడ్డాయి. ఇంట్లో అక్క "కాస్త గొంతు తగ్గించండి" అన్నా అంతే, పెంచుతారు.

మా పైవాటాలో ఒకావిడ ఉండేది. ఫ్యాక్టరీలో కార్మికులకి ప్రమాదాలు ఎలా తప్పించుకోవాలో నేర్పేది. అది మూతపడ్డాక ఉపన్యాసాలతో బతుకుదామనుకుంది. మాట బ్రహ్మాండం, బేరం సున్నా. ఎంతిమ్మంటారని అడిగితే "మీ ఇష్టమండీ" అనేది. వాళ్ల ఇష్టం ఎప్పుడూ ఒక పూలగుత్తి దగ్గరే ఆగేది.

"ఇంటాయన అద్దెకి పూలు తీసుకోడు కదమ్మా. ఈ నెల కూడా ఇంతే అయితే మానేసి ఏ షాపులోనో కూర్చుంటాను," అని అక్క దగ్గర కళ్లొత్తుకుంది. పక్కనే పేపరు చదువుతున్న బావగారు తలైనా ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు ఓ మిల్లు మేనేజర్ ఫోన్ చేశాడు. ప్రమాదాల గురించి కార్మికులకి చెప్పాలట. ఇరవై వేలన్నాను. బేరమాడకుండా సరేనన్నాడు! బావగారు ఫోన్ లాక్కున్నారు.

"నలభై."

"ఇప్పుడే ఇరవై అన్నారు కదండీ!"

"అది మా బావమరిది మాట. యాభై."

"మీకో దణ్ణం! ఇంకెవరైనా ఉంటే చెప్పండి బాబూ."

"ఉన్నారు, మా పైవాటా ఆవిడ. ఈ విషయం నాకంటే ఆవిడకే బాగా తెలుసు. మీరు ఒప్పుకున్న ఇరవైకే వస్తారు. పూలగుత్తి మాత్రం వద్దు, ఆవిడకి పడదు."

"ఇరవై వేలు పోయాయి బావగారూ," అన్నాను నీరసంగా.

"లెక్క సరిగ్గా చెప్పవోయ్. యాభై పోయాయి."

ఆవిడ ఉపన్యాసానికి నన్నూ లాక్కెళ్లారు. వెనక వరసలో కూర్చుని, ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా "భలే! భలే!" అంటూ ఒకటే చప్పట్లు. ఆ మేనేజర్ ఈయనెవరో తెలియక, దగ్గరికొచ్చి, "పెద్దాయనా, కాసేపు నోరు మూసుకుంటారా?" అన్నాడు. దీనికెంత అడుగుతారో అని నా గుండె గుభేలుమంది.

బావగారు బుద్ధిగా మూసుకున్నారు. ఉచితంగా.