పై మూల, బయటి వైపు

బుల్లీ, అన్నం చల్లారిపోతోందే! పిలిచాక గానీ గుర్తు రాదు, నువ్వు లేవని.

మా అమ్మాయి పోయి నెల దాటింది. ఆమదాలవలసలో బస్సెక్కబోతూ మెట్టు మీద పడిందని, తలకు దెబ్బ తగిలిందని, ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయిందని కండక్టరు ఫోన్ చేసి చెప్పాడు. భావనపాడు వైపు ఒక పల్లె ఆసుపత్రిలో నర్సు నా కూతురు. రోజూ బస్సులో వెళ్లి వచ్చేది.

అమ్మాయికి కుడిపాదం పైకి లేచేది కాదు. వేళ్లు నేలకు రాసుకునేవి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, అందుకే వెనక పట్టీ కుట్టించుకుంది. మెట్టు ఎక్కాలంటే మోకాలు బాగా పైకెత్తి ఎక్కేది.

ఆ కాలు అలా అవడానికి కారణం నేనే.

నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చింది. ఊళ్లో మందులిచ్చే ఆయన సీసా మందు ఇచ్చాడు. నేను ఊరుకోలేదు.

"టానిక్కు ఒద్దు బాబూ, సూదెయ్యి. సూది పడకపోతే దీనికి తగ్గదు."

"ఏడుస్తాదమ్మా."

"ఏడవనీ. నాను పట్టుకుంతాను."

ఒళ్లో బోర్లా వేసుకుని రెండు కాళ్లూ అదిమి పట్టుకున్నాను. గింజుకుంది. సూది పిరుదు మీద కిందికి, లోపలి వైపుకు దిగింది. ఒక్క కేక పెట్టింది. మర్నాడు మంచం దిగితే ఆ పాదం వేలాడుతోంది. ఎన్ని నూనెలు రాశానో, ఎన్ని చోట్లకు తిప్పానో! లేవలేదు.

నేను ఐదో తరగతితో ఆపేశాను. ఒంట్లో ఏం ఉంటుందో నాకు చెప్పింది నా కూతురే. విజయనగరంలో నర్సింగు చదివేటప్పుడు ఒకసారి సెలవుకు వచ్చి, పరీక్ష ఉంది, చాప మీద బోర్లా పడుకో అంది.

"సిగ్గు లేదేటే గుంటా నీకు?"

"నీ దగ్గిర నాకేటి సిగ్గు? కదలకు, గీత వంకర పోతాది."

తడి పసుపుతో నా పిరుదు మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసింది. నాలుగు గదులయ్యాయి.

"సూడమ్మా, ఇక్కడ కండ మూడు వరసలు. పైన పెద్దది, దాని కింద మద్దిది, అడుగున సిన్నది. ఇంకా లోపల జాంకాయలాటి కండొకటి ఉంతాది. దాని కిందనుంచి పెద్ద నరం దిగతాది. నీ బొటనవేలంత లావు! అక్కడ్నించి పాదం దాకా దాని కొమ్మలే. దాని పక్కన రక్తం గొట్టాలు, ఆ కండకి పైనొకటి, కిందొకటి. అందుకే సూది ఎప్పుడూ పై మూల, బయటి వైపు."

చెబుతూ చెబుతూ కింద లోపలి గది మీద ఆమె వేలు ఆగిపోయింది. నాకు తెలిసిపోయింది.

"నీకు ఇక్కడేనా పడింది?"

"ఆఁ."

"నానే కదే పట్టుకున్నాను."

పసుపు చేత్తోనే నా వీపు మీద ఒకటేసింది. "నువ్వు పట్టుకోకపోతే ఇంకెవులు పట్టుకుంతారు? జొరంతో కాలిపోతన్నాను కదా. లెగు, ఆకలేస్తంది." అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. క్షమించిందో లేదో నేనూ అడగలేదు. అడగాల్సింది.

ఒకసారి ఆమెతోపాటు ఆ పల్లె ఆసుపత్రికి వెళ్లాను. చేపలమ్మే ముసలామె సూది కోసం వచ్చింది.

"ఏటి తిన్నావు మామ్మా?" అంది మా అమ్మాయి.

"సూదికీ తిండికీ ఏటే సమ్మందం?"

"కళ్లు తిరిగి నా మీద పడితే, ఈ కుంటిది నిన్ను మొయ్యగల్దా? పో, తినేసి రా."

తిట్టుకుంటూ వెళ్లి, తిని, మూతి తుడుచుకుంటూ వచ్చింది. అందరికీ అదే మాట. పిల్లలకు సూది వెయ్యమని నాలాగే బతిమాలే తల్లులుంటే, మాత్ర చాలని చెప్పి ఒప్పించేదాకా వదిలేది కాదు. నా పేరు మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

అమ్మాయి పోయిన రోజు పొద్దున్న ఉప్మా పెట్టాను. "ఒద్దమ్మా, బస్సు పోతాది" అంది. రెండు ముద్దలు తినవే అని వెంటపడి ఉండొచ్చు. పడలేదు. పాదం మెట్టుకు తగిలిందో, ఖాళీ కడుపుతో కళ్లే తిరిగాయో చెప్పేవాళ్లు లేరు. ఏదైనా తప్పు నాదే. ఎవర్ని అడగను? ఈ చేతులు ఏం చేసుకోను?

ఆసుపత్రివాళ్లు సంచిలో చెప్పులు వేసి ఇచ్చారు. ఎడమది కొత్తదానిలా ఉంది. కుడిదాని ముందు భాగం అరిగి చిల్లు పడింది, నా వేలు దూరుతుంది. పొద్దున్నే గుమ్మంలో పెడతాను. బస్సు వెళ్లిపోయిన చప్పుడు విని మళ్లీ లోపల పెడతాను.

ఇది చదివే మీరు ఎవరైనా సరే, ఇల్లు కదిలే ముందు కడుపునిండా తినండి.