అత్తయ్య విప్పిన వాము

మొన్న తెనాలి నుంచి రేపల్లె వెళ్తుంటే, వేమూరు దాటాక బస్సులోకి పొగ వచ్చింది. వరి కోసేశాక చేలో మిగిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం మా వైపు మామూలే. పక్కసీటాయన తుమ్ముకుంటూ కిటికీ మూశాడు. నాకు మా మేనత్త గుర్తొచ్చింది. వెళ్తున్నది ఆవిడ ఇంటికే కాబట్టి దారంతా ఆవిడనే తలుచుకుంటూ కూర్చున్నాను.

బాపట్లలో చదువుకునే రోజుల్లో సెలవులకు రేపల్లె దగ్గర అత్తయ్య వాళ్ల ఊరే వెళ్లేవాణ్ణి. అత్తయ్య గడ్డివాము ఇంటి వెనక, కాలవకు అవతలి గట్టున ఉండేది. ఒకరి వాములో మరొకరు చెయ్యి పెట్టకపోవడం ఆ ఊరి పద్ధతి. అత్తయ్య దగ్గరైతే అది పద్ధతి కాదు, చట్టం. పొరుగింటి కోడి వాము కింద గీరినా దాని యజమానురాలికి వినపడేలా తిట్టేది. గడ్డి పక్క నుంచే లాగాలి, పైకప్పు కదపకూడదు, కదిపితే వాన నీళ్లు దిగి లోపలంతా కుళ్లిపోతుంది. మామయ్యకు కూడా గడ్డి లాగడం చేతకాదని ఆవిడ గట్టి అభిప్రాయం.

ఆ ఏడు ఎదురింటి బాబాయి మొక్కజొన్న వేసే తొందరలో మిట్టమధ్యాహ్నం తన చేలో కొయ్యకాళ్లు అంటించాడు. గాలి మళ్లింది. మంట చేలకు చేలే దాటి, ఊరి చివర వరసగా ఉన్న వాములను అందుకుంది. బిందెలతో, తడి గోతాలతో పరుగెత్తాం. రేపల్లె నుంచి ఫైరింజను వచ్చేసరికి ఆర్పడానికి బూడిదే మిగిలింది. మనుషులకూ పశువులకూ ఏమీ కాలేదు. కానీ వేసవంతా గేదెలు తినాల్సిన మేత పోయింది. కాలవ అడ్డు రావడంతో అత్తయ్య వాము ఒక్కటే నిలిచింది.

మర్నాడు పొద్దున్నే పశువుల బేరగాళ్లు దిగారు. మేత లేని గేదెను ఎంతకైనా అమ్ముతారని వాళ్లకు తెలుసు. బాబాయి ఇల్లు నడిచేదే ఒక్క గేదె పాల మీద, అదీ ఈనడానికి సిద్ధంగా ఉంది. సిగ్గుతో ఆయన తలుపేసుకుని, పిన్ని చేత బేరగాడికి కబురు పంపాడు.

అత్తయ్య వీధిలో నిలబడి, "రండి, వచ్చి లాక్కుపోండి" అని కేకేసింది. ఊళ్లోవాళ్లు వచ్చారు గానీ ఎవరూ వాము ముట్టుకోలేదు, ఇన్నేళ్ల భయం ఎక్కడికి పోతుంది! ఆవిడ కొంగు బొడ్లో దోపి, నిచ్చెనేసుకుని పైకెక్కింది. ప్రాణంలా చూసుకున్న పైకప్పును తన చేత్తోనే విప్పి కిందికి విసిరింది. మామయ్య నోరు తెరిచి చూశాడు. అత్తయ్యంటే అప్పటిదాకా భయమే ఉన్న నాకు గౌరవం మొదలైంది అప్పుడే.

బాబాయి ఇంటి నుంచి మాత్రం ఎవరూ రాలేదు. అత్తయ్య దిగి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని అక్కడికే నడిచింది. బేరగాడు అప్పటికే గేదె పలుపు పట్టుకున్నాడు.

"నిప్పు నీ గేదె పెట్టిందేంట్రా?" అంది మూసిన తలుపు వైపు చూసి.

"ఏ మొహం పెట్టుకుని తీసుకోమంటావక్కా?" అని లోపల్నుంచి వినపడింది.

"నీ మొహం ఎవడిక్కావాలి? తినేది అది." మోపు గేదె ముందు పడేసి, బేరగాడి వైపు తిరిగింది. "నువ్వు పలుపు వదలవయ్యా."

వదిలేశాడు.

ఆ వాము వేసవి రాకముందే అయిపోయింది. తర్వాత పొన్నూరు వైపు చుట్టాల నుంచి ట్రాక్టర్లలో గడ్డి తెచ్చుకున్నారు. ఒక్క గేదె కూడా ఊరు దాటలేదు.

మొన్న నేను వెళ్లేసరికి బాబాయి పాల క్యానుతో గుమ్మంలో ఉన్నాడు. అత్తయ్య ఇప్పుడు పశువులు మానేసింది. అప్పటి బాబాయి గేదె ఎప్పుడో పోయింది, ఇవి దాని మనవరాలి పాలు. నీళ్లు కలిపావని అత్తయ్య ఆయన్ని దులిపేస్తోంది, ఆయన నవ్వుతున్నాడు. ఆవిడిచ్చిన కాఫీ తాగుతుంటే అనిపించింది, ఎప్పటి వామో అది, ఇంకా పాలు ఇస్తూనే ఉంది.