పోలయ్య డప్పు

ముసునూరు తోటల్లో పగలంతా చిక్కం కర్రతో మామిడికాయలు కోసే పోలయ్యకి అరవై దాటాయి. సొన పడి కాలిన మచ్చలు మోచేతుల దాకా ఉంటాయి. డప్పు మోసీ మోసీ ఎడమ భుజం కిందికి వాలిపోయింది. ఎవరైనా సరదాకి ఆ డప్పు మీద వేలితో టకటకలాడిస్తే ఊరుకోడు. “నీ చెంప మీద వాయించుకో” అంటాడు.

పందొమ్మిది వందల ఎనభై ఆరు జూన్‌లో, కోతలు ముగిశాక ఒక సాయంత్రం, నూజివీడు మామిడి వర్తకులు బెజవాడ ఆర్కెస్ట్రాకి అతని డప్పు జతచేసి కచేరీ పెట్టించారు. పొద్దున కురిసిన వానకి తోలు మెత్తబడింది. పోలయ్య స్టేజీ పక్కన ఎండు మామిడాకులు పోగేసి అగ్గిపుల్ల గీశాడు. గిటారు వాయించే ప్రసాదు పరిగెత్తుకొచ్చి ఆ మంట తొక్కేశాడు. “వైర్లున్నాయి తాతా! అలాగే కొట్టెయ్. మైకుంది కదా, పెద్దగానే వినపడుతుంది.” పోలయ్య డప్పు చంకకెత్తుకున్నాడు. “గంట నించీ ఆ తీగలు బిగించుకుంటున్నావు. నేనేమన్నా అన్నానా? నా డప్పుకి నిప్పే శ్రుతి. చచ్చిన తోలు కొట్టడానికి నన్నెందుకు పిలిచారయ్యా?” జవాబు కోసం ఆగలేదు. కుర్చీల వెనక్కి వెళ్లి మళ్లీ మంట వేశాడు. ఇవతల ఆర్కెస్ట్రా పాట మొదలెట్టినా తల తిప్పలేదు. తోలు ఖంగుమనే దాకా డప్పుని తిప్పి తిప్పి కాచాడు. రెండో చరణంలో మొదటి దెబ్బ పడింది. మైకు లేకుండానే పాటని మింగేసింది. జనం కుర్చీలు తిప్పుకుని స్టేజీకి వీపు పెట్టారు. కాసేపటికి ప్రసాదు గిటారు పక్కన పెట్టి, కిందికి దిగి, దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పోలయ్య వాయింపు ఆపలేదు, మొహం కూడా చూడలేదు.

“మంట తొక్కకు” అన్నాడు.