టెన్షన్ అనే ఊరికి బస్సు లేదండీ

మందు మానేస్తే మనిషి చల్లబడతాడని కైకలూరులో అందరూ తాతాజీకి చెప్పారు. అబద్ధం. మానేసిన పదో రోజున పప్పులో ఉప్పు తక్కువైందని గిన్నె గోడకేసి కొట్టాడు. తాగిన రోజుల్లో కూడా ఆ పని చేయలేదు. పన్నెండో రోజున పక్కింటి మిక్సీ చప్పుడు భరించలేక వాళ్ళ గుమ్మం ముందు నిలబడి అరిచాడు. పదిహేనో రోజున షాపులో మోటారుకి కాయిల్ చుడుతూ చుట్లు తప్పాడు. విప్పి మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ తప్పాడు. తీగంతా పీకి నేలకేసి కొట్టి, దాని పక్కనే కూలబడ్డాడు.

తాతాజీది మోటార్ల వైండింగ్ పని. చేపల మార్కెట్ వెనక సందులో చిన్న షాపు. కొల్లేటి చుట్టూ ఉన్న రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు తిరగాలి. అవి ఆగితే ఆక్సిజన్ తగ్గి, రొయ్య గంటల్లో చస్తుంది. మోటారు కాలిందంటే రైతు ఫోన్లో దాదాపు ఏడుస్తాడు. తాతాజీ వెళ్ళి బాగుచేస్తాడు. రెక్కలు మళ్ళీ నీళ్ళు చిమ్మగానే రైతు ప్రాణం లేచొచ్చి, కూలి డబ్బులతో పాటు ఒక సీసా చేతిలో పెడతాడు. అది ఇక్కడి మర్యాద. వద్దంటే నొచ్చుకుంటారు. ఇరవై రెండేళ్ళు తాతాజీ ఎవరినీ నొప్పించలేదు.

పోయిన వర్షాకాలం ఒక సాయంత్రం అలాంటి మర్యాదే పుచ్చుకుని, కాలేజీ నుంచి వస్తున్న కూతురు ఇందుజను బండెక్కించుకున్నాడు. చెరువు గట్టు మలుపులో బండి పక్కనున్న పంట బోదె కాలవలోకి దిగింది. అతనికి గీత కూడా పడలేదు. పిల్లకి మెడ దగ్గర ఎముక విరిగింది. కట్టు విప్పిన రోజున ఇందుజ ఒకే మాట చెప్పింది.

"నీ బండి ఎప్పుడెక్కాలో నేను చెప్తాను నాన్నా. నువ్వు అడగొద్దు."

ఆ తరవాతే మానేశాడు. రోజూ ఎనిమిదింటికి గేటు ముందు బండి స్టార్ట్ చేసి ఒక నిమిషం ఆగుతాడు. ఇందుజ అతని పక్కనుంచే నడిచి బస్టాపుకి వెళ్ళిపోతుంది. తాతాజీకి ఈ లోకంలో కావలసింది ఇప్పుడు ఒక్కటే, ఆ పిల్ల ఆ బండెక్కడం.

మానడం ఇది మొదటిసారి కాదు. రెండేళ్ళు వరసగా మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులూ నిష్ఠగా ఉన్నాడు, మాల తీసిన సాయంత్రమే బాకీ తీర్చుకున్నట్టు తాగాడు. ఒకసారి పెళ్ళాం లక్ష్మీదుర్గ ఎవరో ఇచ్చిన నాటుమందు కూరలో కలిపి పెడితే మూడు రోజులు కక్కుకుని, నాలుగో రోజు తాగాడు. వదిన ప్రార్థన కూటానికి తీసుకెళ్ళింది. అక్కడ వాళ్ళు అతని నెత్తిమీద చెయ్యి పెట్టి ఏడ్చారు. వాళ్ళ ఏడుపు నిజమేనని తాతాజీకి తెలుసు. కానీ వీధిలోకి రాగానే ఒళ్ళు మండింది. మానితే దేవుడి దయ, తాగితే వాడి కొవ్వు. ఇదెక్కడి న్యాయం? తాగింది తనే అయితే మానేది కూడా తనే అవ్వాలి కదా!

ఈసారి చేతులు వణుకుతుంటే ఏలూరు వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాడు. ఆయన పది రోజులకి బిళ్ళలు రాసి, చీటీ వెనక ఒక ఫోన్ నంబరు రాశాడు. "అక్కడ పూజలూ ప్రార్థనలూ ఉండవు. మాట్లాడుకుంటారంతే" అన్నాడు.

ఏలూరు పవర్‌పేటలో ఒక టైలరు షాపు మేడమీద గది. ఆదివారం పదింటికి ఏడెనిమిది మంది చేరతారు. అందరూ తాగి మానినవాళ్ళే, లేదా మానలేక మళ్ళీ వచ్చినవాళ్ళే. కృపావరం మాస్టారు చర్చిలో ఆరాధన ముగించుకుని అటునుంచటే వస్తాడు. గదిలో మాత్రం ఆ ఊసెత్తడు. ఇక్కడ ఒట్టు లేదు, మొక్కు లేదు, ప్రమాణం లేదు. ఎన్ని రోజులైందని కూడా ఎవరూ అడగరు. ఆ వారం ఎక్కడ తాగాలనిపించిందో, అప్పుడేం చేశారో చెబుతారు.

నడిపించేది వీరాస్వామి. తాడేపల్లిగూడెం మనిషి, బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. పదకొండేళ్ళుగా ముట్టలేదు. మొదటి ఆదివారం తాతాజీ నోరు తెరిచి, "ఏం లేదండీ, ఊరికే టెన్షన్‌గా ఉంటోందండీ" అనగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"టెన్షన్ అనే ఊరికి బస్సు లేదండీ. ముప్ఫై ఏళ్ళు టికెట్లు కొట్టానండి. ఎక్కినవాడు ఎక్కడ దిగాలో చెబితే కదండీ టికెట్టు? కోపమా, భయమా, దిగులా, సిగ్గా, ఆకలా? ఊరి పేరు చెప్పండి."

తాతాజీకి చిర్రెత్తుకొచ్చింది. గంటన్నర బస్సులో కొల్లేరు దాటి వచ్చింది ఈ వెటకారం పడడానికా అనుకున్నాడు. కానీ పై ఆదివారం మళ్ళీ వెళ్ళాడు. గిన్నె గోడకేసి కొట్టిన సంగతి చెప్పాడు. అక్కడెవరూ అయ్యో అనలేదు, ఛీ అనలేదు. కృపావరం మాస్టారు మాత్రం, "నేను కుక్కర్ మూత విసిరానండీ. సొట్ట ఇప్పటికీ ఉంది" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా మందులో ముంచిపెట్టిన కోపాలన్నీ ఒక్కసారి పైకి తేలుతున్నాయని, దానికి పేరు పెట్టి నలుగురిలో చెబితే సగం దిగుతుందని వాళ్ళు చెప్పారు. సగం కాదు గానీ, కొంత దిగింది.

ఇంకో మార్పు కూడా జరిగింది. చెరువుల మీద రైతులు సీసా పెట్టడం మానేశారు. బదులుగా అరటిపళ్ళు, కొబ్బరికాయలు, ఒకాయన పావుకిలో జీడిపప్పు. కొందరు "రండి స్వామీ" అని కూడా పిలిచారు. వేళాకోళమాడుతున్నారేమో అని మొదట మండిపడ్డాడు. తరవాత, కాదు, తాను మానేసిన సంగతి తెలిసి మర్యాద ఇస్తున్నారు అనుకున్నాడు. మనసులో పొంగిపోయాడు. షాపులో మీటరు బోర్డు కింద మేకుకి ఒక రాగితీగ కట్టి, రోజుకో చుట్టు చుట్టేవాడు. ఆ చుట్ట లావెక్కుతుంటే చూసుకుని మురిసిపోయేవాడు.

ఆ తీగకి నిన్నటితో నలభై ఒక్క చుట్లు పూర్తయ్యాయి.

ఈ రోజు మధ్యాహ్నం సత్తిరాజుగారి చెరువులో రెండు మోటార్లు ఆగిపోయాయని కబురొచ్చింది. తాతాజీ వెళ్ళి, ఒకదానికి బేరింగు మార్చి, రెండోదానికి తడిసిన వైర్లు విప్పి కట్టాడు. నాలుగింటికల్లా రెండూ తిరిగాయి. చేతులు కడుక్కుని షెడ్డు దగ్గరికి వచ్చేసరికి బల్ల మీద కొరమీను పులుసు, ఖరీదైన సీసా, నాలుగు గ్లాసులు ఉన్నాయి. సత్తిరాజు నవ్వుతూ ఒక గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"పుచ్చుకోవయ్యా తాతాజీ! మండలం నిన్నటితో అయిపోయిందిగా. మొక్కు మొక్కే, మనం మనమే. ఈ నలభై రోజులూ నీకు ఉత్త చేతులతో కూలిస్తుంటే నాకే ప్రాణం ఒప్పలేదనుకో."

"ఏం మొక్కండీ?"

"అదేవిటయ్యా! మీ ఆవిడే చెప్పింది కదా. ఇందుజకి ఎముక అతికితే మండలం రోజులు ముట్టనని మొక్కుకున్నావంట."

తాతాజీకి ఒక్కొక్కటే అర్థమైంది. అరటిపళ్ళు మొక్కుకి. కొబ్బరికాయలు మొక్కుకి. స్వామీ అన్న పిలుపు మొక్కుకి. తనకంటూ ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తన చేత్తో, తన పళ్ళు బిగించి మానితే అది కూడా మళ్ళీ దేవుడి ఖాతాలోకే పోయింది! బల్ల తన్నేద్దామనిపించింది. అంతకంటే ఘోరం, ఆ గ్లాసులోంచి వస్తున్న వాసన ముక్కుకి ఎంత చుట్టమో అప్పుడే తెలిసింది.

"ఇప్పుడే వస్తానండీ" అని గట్టు మీద విసవిసా నడిచాడు. చెరువు అవతలి మూలకి వెళ్ళాక గానీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉందని గమనించలేదు. రెండో చేత్తో ఫోన్ తీశాడు.

"ఆయ్, చెప్పండి" అన్నాడు వీరాస్వామి.

"టెన్షన్‌గా ఉందండీ."

"ఆ ఊరికి బస్సు లేదండీ. ఎక్కడ దిగాలి?"

"కోపమండీ! మా ఆవిడ మీద. ఈ రాజుగారి మీద. ఊరంతటి మీద. నేను మానేశానంటే ఒక్కడూ నమ్మలేదండీ. మొక్కంట, మండలమంట! నలభై ఒక్క రోజులు వేళ్ళు మడిచి లెక్కెట్టుకున్నారండీ అందరూ!"

"సరేనండి. సరిగ్గా నలభై ఒకటని మీకెలా తెలుసు?"

తాతాజీ గట్టు మీద ఆగిపోయాడు.

"మన గదిలో లెక్కపెట్టం కదండీ" అన్నాడు వీరాస్వామి మెత్తగా. "ఊరికే అడుగుతున్నాను."

మేకుకి కట్టిన తీగ కళ్ళ ముందు కనపడింది. తాతాజీ పనివాడు. ఎన్ని చుట్లకి ఎంత తీగ పడుతుందో కొలవకుండా కత్తిరించడు. మొదటి రోజున ఆ తీగ కత్తిరించినప్పుడు కూడా కొలిచాడు. అది సరిగ్గా నలభై ఒక్క చుట్లకే సరిపోయింది. ఆ తరవాతి రోజుకి జానెడు ముక్క కూడా మిగల్లేదు. ఎవరూ చెప్పకుండానే, మొక్కు లేకుండానే, తన చెయ్యి తన కోసం ఒక గడువు రోజు కొలిచిపెట్టుకుంది. రాజుగారిని తిట్టడానికి తనకి ఏ మొహం ఉంది? ఆయన బల్ల వేశాడు, తను ఆ బల్ల దగ్గరికి నలభై ఒక్క రోజులుగా నడుస్తూనే ఉన్నాడు.

"సిగ్గండీ" అన్నాడు చివరికి. "నేనూ లెక్కెట్టానండీ. నిన్నటి దాకానే తీగ కోసుకున్నాను."

తీగేమిటో వీరాస్వామికి అర్థం కాలేదు. అయినా అడగలేదు. "అదండీ మీ ఊరు. దిగండి. చేతిలో ఏవన్నా ఉందా?"

"ఉందండీ."

"నేను లైన్లోనే ఉంటాను."

తాతాజీ గ్లాసు గట్టు మీద వంచాడు. పొడి మట్టి గుటుక్కున పీల్చేసుకుంది. ఖాళీ గ్లాసు పట్టుకుని షెడ్డుకి తిరిగొచ్చి బల్ల మీద బోర్లించాడు.

"రాజుగారండీ, నాకు మొక్కేం లేదండీ. మా ఆవిడ తప్పు చెప్పింది. నేను మానేశాను. కూలి ఇప్పించండి, సీసా వద్దు. రేపూ వద్దు."

సత్తిరాజు మొహం మాడింది. "మొక్కు లేకుండా మానడమేంటయ్యా? మరి ఎవరు ఆపుతున్నారు నిన్ను?"

"ఎవరూ ఆపట్లేదండీ. అదే కష్టంగా ఉంది."

"ఇంత దూరం వచ్చి నా చేతిది కాదన్నవాడివి నువ్వే. కైకలూరులో వైండింగు చేసేవాడివి నువ్వొక్కడివే కాదులే" అని రాజుగారు డబ్బులు బల్ల మీద పడేశాడు. తాతాజీ తీసుకుని వచ్చేశాడు. ఆ చెరువు ఇక తనది కాదు. దారి పొడుగునా ఆయన్ని తిడుతూనే ఉన్నాడు, కానీ ఇంటికే వెళ్ళాడు.

లక్ష్మీదుర్గ పెరట్లో బట్టలు తీస్తోంది. తాతాజీ గొంతు వీధి దాకా వినపడింది.

"ఎవరు చెప్పమన్నారే నిన్ను మొక్కని? నా కష్టం నాది కాకుండా చేశావు కదే!"

ఆమె బట్టలు వదిలేసి తిరిగింది. ఇన్నాళ్ళూ అణిచిపెట్టుకున్నది ఆమె దగ్గర కూడా ఉంది.

"మానేశారని చెబితే ఏం చేసేవాళ్ళండీ? నలుగురూ చేరి, ఎన్నాళ్ళుంటాడో చూద్దాం అని పందేలేసి పోసేవాళ్ళు. మొక్కంటే భయపడి దూరంగా ఉన్నారు. మిమ్మల్ని కాపాడుకోవడానికి నాకు తెలిసింది అదొక్కటే. మీ కష్టమంటున్నారు, నాది కాదా అండీ? ఇరవై రెండేళ్ళు! నలభై ఒక్క రోజుల కంటే ఎక్కువ నమ్మడానికి నాకు ధైర్యం చాల్లేదు. తప్పా?"

తాతాజీ తప్పనలేకపోయాడు. ఒప్పనడానికి ఇంకా కోపం తగ్గలేదు. అరుగు మీద కూర్చుని, నేల చూస్తూ, "నేనూ అంతే నమ్మాను" అని తీగ సంగతి చెప్పాడు. కొలత కూడా చెప్పాడు. రాజుగారి గ్లాసు చేతిలో పట్టుకుని గట్టంతా నడిచిన సంగతీ దాచలేదు. లోపల గదిలో ఇందుజ పుస్తకం మూసిన చప్పుడైంది. బయటికి మాత్రం రాలేదు.

మర్నాడు పొద్దున్నే తాతాజీ షాపుకెళ్ళి మేకు మీది తీగ విప్పి పాత రాగి వేసే డబ్బాలో పడేశాడు. కొత్త తీగ కట్టలేదు. ఎనిమిదింటికి ఎప్పటిలాగే గేటు ముందు బండి స్టార్ట్ చేసి ఆగాడు. ఇందుజ సంచి తగిలించుకుని వచ్చింది. పక్కనుంచి వెళ్ళిపోలేదు. బండి ముందుకొచ్చి నిలబడి, చేత్తో దిగమన్నట్టు సైగ చేసింది.

"నేను నడుపుతాను. నువ్వు వెనక కూర్చో."

"నీకెప్పుడొచ్చింది?"

"నువ్వు తాగి పడుకున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి నాన్నా. అప్పుడు నేర్చుకున్నాను."

ఆ మాట చెంపదెబ్బే. ఆ పిల్ల కోపం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. అయినా బండి అడిగింది. తాతాజీ దిగి, వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. మార్కెట్ దాటి చెరువు గట్టు మలుపు దగ్గరికి రాగానే అతని చేతులు వెనక కడ్డీని గట్టిగా పట్టుకున్నాయి. అద్దంలో ఇందుజ చూసింది.

"ఏంటి, టెన్షనా?"

"కాదమ్మా" అన్నాడు తాతాజీ. "భయం. ఆ రోజు నువ్వు ఇక్కడే కూర్చున్నావు కదా."

ఇందుజ మలుపు దగ్గర బండి నెమ్మది చేసి, బోదెకి దూరంగా, రోడ్డు మధ్యగా తిప్పింది.